పెరుగన్నం మీద పడ్డ చక్రపాణి గారు

కిందటి సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, శశికాంత్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం ముగిసి అందరూ పేపర్ ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా, చక్రపాణి గారు పెరుగన్నం ట్రే మీద పడ్డారు.

కాలు జారలేదు. కళ్ళు తిరగలేదు. ఎవరూ తొయ్యలేదు. కౌంటర్ మీద చోటు చాలక కింద షీటు పరిచి పెట్టిన ట్రే అది. ఆయన కాస్త దూరం నుంచి రెండు చేతులూ చాచి, "బంతి జారింది" అని కేక పెట్టి దాని మీదికి దూకారు. దూకి, ట్రేని పొట్ట కింద అదిమిపెట్టి, మోకాళ్ళు ముడుచుకుని చాలాసేపు లేవలేదు. లేవకపోవడమే అందులో అసలు కిటుకట. శశికాంత్ భార్య మనీషా పులిహోర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెను ఏదో అడుగుతున్న విజయశ్రీ గారు అడిగేది మధ్యలో వదిలేసి నోరు తెరుచుకుని చూశారు. చివరికి చక్రపాణి గారు లేచి, పట్టుపంచెకి అంటుకున్న దానిమ్మ గింజలు ఏరుకుంటూ, "దీన్ని పెద్దకుప్ప అంటారు. మేపుల్ రివర్ డిఫెన్స్ చరిత్రలో మహా ఘట్టం" అని సభకి వివరించారు.

"ఆ మ్యాచ్ గెలిచారా అండీ?" అని వరస చివరి నుంచి ఎవరో అడిగారు.

"అది ఆఫెన్స్ వాళ్ళ శాఖ" అన్నారు చక్రపాణి గారు.

ఆయన భార్య లీలావతి అప్పటికే కారు దగ్గరికి బయల్దేరింది. డిక్కీలో ఆమె ఎప్పుడూ ఒక సంచి ఉంచుతుంది. అందులో ఉతికిన ప్యాంటు, లాల్చీ, పాత తువ్వాళ్ళు, మరకలు పోగొట్టే స్ప్రే సీసా. పసిపిల్లల తల్లులు డైపర్ల సంచి మోసుకు తిరిగినట్టు ఆమె రిటైర్మెంటు దగ్గరపడిన మొగుడి కోసం ఈ సంచి మోస్తుంది. డ్రైవ్‌వేలో నిలబడి, ఎదురింటి అమెరికన్ ఆవిడ చెయ్యి ఊపితే తిరిగి ఊపి, ఈ భూమి ఇక్కడే కాస్త విచ్చుకుంటే బాగుండునని అనుకుంది.

చక్రపాణి గారికి లోకంలో ఒక్కటే ఇష్టం. ఆపడం.

ఆయన ఉద్యోగం కార్లకి బ్రేకులు తయారుచేయించడం. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇంజిన్ల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. ఈయన మాత్రం, "బండి పోవడానికి వాలు చాలండీ. ఆగడానికే మనిషి కావాలి" అంటారు. మాస్టర్స్ చదవడానికి వచ్చి చేరింది మేపుల్ రివర్ స్టేట్ అనే యూనివర్సిటీలో. ఆ పేరు మీరు విని ఉండరు. పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్ టీములు సీజన్ మొదట్లో ఒళ్ళు వేడెక్కించుకోవడానికి పిలిచి మరీ ఓడించే టీము వాళ్ళది. ఈ ఆటలో బంతి మోసుకుని ముందుకు పోయే మనుషులు వేరు, ఎదుటివాళ్ళు మోసుకొస్తుంటే అడ్డం పడే మనుషులు వేరు. పోయేవాళ్ళు ఆఫెన్స్, ఆపేవాళ్ళు డిఫెన్స్. బంతి ముందుకు తీసుకుపోవడానికి ఒక్కో విడతకి నాలుగే ప్రయత్నాలు, ఒక్కో ప్రయత్నం ఒక డౌన్. మేపుల్ రివర్ ఆఫెన్స్ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేకపోవడంతో చక్రపాణి గారి భక్తి అంతా డిఫెన్స్ వైపు ప్రవహించింది.

శనివారం మ్యాచ్ ఉందంటే ఆ ఇంట్లో ఒక నియమం. తమ ఆఫెన్స్ దిగగానే చక్రపాణి గారు సోఫాలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతారు. డిఫెన్స్ దిగగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటారు. మేపుల్ రివర్ ఆఫెన్స్ ఎప్పుడూ ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆ ఇంట్లో గిన్నెలు సగం తోమి, సగం సబ్బుతో ఉండేవి. ఇక డిఫెన్స్ గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ ఆయన లేవరు. బ్రహ్మదేవుడు దిగివచ్చినా లేవరు. ఒకసారి లీలావతి అన్నయ్య కృష్ణమూర్తి జెర్సీ సిటీ నుంచి వచ్చి, మంచులో సూట్‌కేసుతో నిలబడి బెల్లు కొడుతుంటే, లోపల్నుంచి "రెండే రెండు డౌన్‌లు బావగారూ, ఓపిక పట్టండి" అని వినిపించింది. లీలావతి షాపింగ్ నుంచి వచ్చేసరికి అన్నయ్య కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది. ఇంకోసారి పెనం మీద దోసె మాడి, ఇల్లంతా పొగై, అలారం మోగి, ఫైరింజను వచ్చింది. ఆయన లేవలేదు. లోపలికి వచ్చిన ఫైర్ మనిషి కూడా ఆ నాలుగు డౌన్‌లూ నిలబడి చూసి, బాగా ఆపారని మెచ్చుకుని వెళ్ళాడు.

ఇంట్లో జరిగేది ఇంట్లోనే ఉంటే లీలావతి సర్దుకునేదే. కానీ ఆయనకి ఆ మహా ఘట్టాలు నలుగురిలోనే గుర్తొస్తాయి. వాటికి ఆయన పెట్టుకున్న తెలుగు పేర్లున్నాయి. ఒక ఆటగాడు బురదలో ఒక బూటు పోగొట్టుకుని, మిగిలిన బూటుతోనే పరిగెత్తి ఎదుటివాళ్ళ బంతిని గాల్లో అందుకున్నది 'ఒంటిబూటు'. మన ఇళ్ళల్లో అందరూ చెప్పులు గుమ్మం దగ్గరే విప్పుతారు కదా. అందుకని ఆయన ఒక గృహప్రవేశంలో గుమ్మం దాకా పరిగెత్తి, ఆ కుప్పలో దొరికిన ఎవరిదో బూటు ఒకటి తొడుక్కుని, ఒంటికాలి చప్పుడుతో హాలంతా దాటి దేవుడి గది ముందు ఎగిరారు. పురోహితుడు మంత్రం మర్చిపోయాడు. ఎదుటివాళ్ళు తన్నిన బంతిని అరచేత్తో ఆపినది 'ఆకాశంలో అరచెయ్యి'. అది విజయశ్రీ గారి హాల్లో, సరిగ్గా ఆవిడ కొత్త షాండిలియర్ కింద గుర్తొచ్చింది. వేలాడే గాజు ముక్కలు చాలాసేపు గణగణమన్నాయి. ఎప్పటిలాగే ఎవరో గెలుపు సంగతి అడిగారు. ఎప్పటిలాగే అది ఆఫెన్స్ వాళ్ళ శాఖే అయింది.

"మీకు ఇవన్నీ సరిగ్గా అప్పుడే ఎందుకు గుర్తొస్తాయండీ?" అని దారిలో లీలావతి అడిగేది.

"ఏమో లీలా. అలా తట్టాయి" అనేవారాయన, ఎర్రలైటు దగ్గర కారుని పూలు పెట్టినంత మెత్తగా ఆపుతూ.

ఆమె తలా ఒక వంటకం పట్టుకొచ్చే పొట్లక్‌లకి రసం, సాంబారు తీసుకెళ్ళడం మానేసింది. పొడికూరలు మాత్రమే. కళ్ళ డాక్టరు ఆఫీసులో ఆమె ముందు డెస్క్ దగ్గర కూర్చుంటుంది. ఊళ్ళోని తెలుగువాళ్ళందరూ అద్దాల కోసం అక్కడికే వస్తారు, వచ్చి "అంకుల్ ఎలా ఉన్నారు ఆంటీ?" అని అడిగి, జవాబు రాకముందే నవ్వేస్తారు. ఆ నవ్వు ఆమెకి చెవుల దాకా మండేది.

అయినా ఈ నవంబరులో వచ్చిన సిగ్గు ముందు పాతవన్నీ చిన్నబోయాయి.

వాళ్ళమ్మాయి నైనిక షికాగోలో ఉద్యోగం చేస్తోంది. వేసవిలో దేవ్ అనే అబ్బాయితో ఘనంగా నిశ్చితార్థం జరిగింది. లీలావతి ఊళ్ళో తెలిసిన ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి వెండి కుంకుమ భరిణె, కాజాల డబ్బా ఇచ్చి వచ్చింది. దీపావళి ముందు నైనిక ఫోన్ చేసి పెళ్ళి లేదంది. ఇద్దరూ మాట్లాడుకున్నారట, ఇద్దరికీ వద్దనిపించిందట. అంతకుమించి చెప్పలేదు. లీలావతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకి కళ్ళు మూసుకుంటే ఆ భరిణెలు వరసగా కనిపించేవి, ప్రతి ఇంట్లో ఒకటి, మూత తెరుచుకుని తనవైపే చూస్తున్నట్టు.

ఇంతలో విజయశ్రీ గారింట్లో దీపావళి లంచ్. నైనిక సెలవుకి ఇంట్లోనే ఉంది, రానంటే రానంది. "నువ్వు రాకపోతే ఏదో ఉందనుకుంటారమ్మా" అని బతిమాలి ఒప్పించింది లీలావతి. పిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టి, కారు స్టార్ట్ కాకముందే మొగుడి వైపు తిరిగింది.

"ఇవాళ అందరి కళ్ళూ మన మీదే ఉంటాయి. వెళ్దాం, తిందాం, వచ్చేద్దాం. మీ ఘట్టాలు వద్దు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"చిన్నది? కూర్చునే చెప్పేది?"

"ఒట్టు వెయ్యండి."

చక్రపాణి గారు బ్రేకు మీద కాలు పెట్టి ఒట్టు వేశారు. ఆయన దృష్టిలో అంతకన్నా పెద్ద ఒట్టు లేదని ఆమెకి తెలుసు. వెనక సీట్లో నైనిక ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "పూర్ నాన్న" అని మళ్ళీ పెట్టుకుంది.

విజయశ్రీ గారు మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా మొదట చేరేది ఆవిడ మిరియాల చారే. కాకపోతే చారుతో పాటు ఆవిడ కూడా వస్తారు, ఆవిడతో పాటు ప్రశ్నలు వస్తాయి. జవాబు దొరికేదాకా ఆవిడకి కూర్చోబుద్ధి కాదు. ఆ రోజు హాల్లో కొత్తగా తెల్లటి రగ్గు పరిచారు, పాలమీగడలా ఉంది. చక్రపాణి గారిని చూడగానే ఆవిడ ఒకసారి రగ్గు వైపు, ఒకసారి పైన షాండిలియర్ వైపు చూసుకున్నారు. ఆయన బుద్ధిగా వెళ్ళి సోఫా చివర కూర్చున్నారు. గంటసేపు అలాగే కూర్చున్నారు. జనం ఆయన దగ్గరికి వచ్చి, కాసేపు ఎదురుచూసి, ఏమీ జరగక వెళ్ళిపోయారు.

లీలావతి వంటింట్లో బెండకాయ వేపుడు గిన్నెలోకి తీస్తుంటే మనీషా వచ్చి పక్కన నిలబడింది.

"ఆంటీ, అంకుల్‌కి ఒంట్లో బాలేదా? అంత సైలెంట్‌గా ఉన్నారేంటి?"

"నేనే వద్దన్నానమ్మా. మీ వ్రతంలో చేసింది చాలదా?"

మనీషా ముఖం వాడిపోయింది. "అయ్యో, ఆంటీ. నేను అంకుల్ ఉంటారనే ధైర్యంతో వచ్చాను."

లీలావతికి అర్థం కాలేదు. మనీషా చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. ఆ రోజు పులిహోర వడ్డిస్తుంటే విజయశ్రీ ఆంటీ గుడ్ న్యూస్ ఎప్పుడని అడిగారట. నవ్వి ఊరుకుంటే మళ్ళీ అడిగారట, డాక్టర్‌కి చూపించుకున్నారా అని.

"అంతకు ముందు వారమే కడుపు పోయింది ఆంటీ. మేమెవరికీ చెప్పలేదు. ఇంకొక్క మాట అడిగితే అక్కడే ఏడ్చేసేదాన్ని." మనీషా కళ్ళు తుడుచుకుని చిన్నగా నవ్వింది. "ఇంతలో అంకుల్ పడ్డారు."

పోయిన సంగతి ఆయనకి తెలిసే వీల్లేదు. ఆయనకి కనిపించింది ఈ పిల్ల ముఖం, అంతే. ఆమె బుర్రలో పాత శనివారాలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. ఒంటిబూటు రోజున గృహప్రవేశంలో ఈ శశికాంత్ చుట్టూ మగవాళ్ళు మూగి, మీ గ్రూపులో లేఆఫ్స్ అట కదా, నీ పేరుందా అని అడుగుతున్నారు. షాండిలియర్ రోజున సంహిత, మాస్టర్స్ అయిపోయి వీసా లాటరీలో పేరు రాని అమ్మాయి, ఇదే హాల్లో ఇదే దీపం కింద నిలబడి, మరి ఇండియా వెళ్ళిపోతావా అనే ప్రశ్నకి జవాబు వెతుక్కుంటోంది. ఆ రెండు సాయంత్రాలూ ఇంటికి వెళ్ళేదాకా కారులో తను మొగుణ్ణి తిట్టిన తిట్లు కూడా గుర్తొచ్చాయి. చెవులు మండాయి. సిగ్గే, కానీ ఈసారి ఆయన్ని చూసి కాదు.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి విజయశ్రీ గారి గొంతు వినిపించింది.

"ఒక్కదానివే వచ్చావేం నైనికా?"

లీలావతి పరుగున గుమ్మం దాకా వచ్చింది. నైనిక రగ్గుకి అటు చివర, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. విజయశ్రీ గారు సేమ్యా పాయసం గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఇటు చివర ఉన్నారు.

"యా ఆంటీ, జస్ట్ మీ" అంది నైనిక.

మొదటి డౌన్, అనుకుంది లీలావతి, తనకే తెలియకుండా.

"దేవ్‌ని తీసుకురావాల్సింది. దీపావళి కదా."

"హీ ఈజ్... బిజీ అనుకుంటా."

"అనుకుంటావా?" విజయశ్రీ గారు ఒక అడుగు ముందుకు వేశారు. "హాల్ బుక్ చేశారా మరి? సమ్మర్ అన్నారు కదా?"

నైనిక చూపు వాకిలి వైపు పోయింది. లీలావతి మొగుడి వైపు చూసింది. చక్రపాణి గారు సోఫా అంచు మీద ఉన్నారు. చేతిలో నేప్‌కిన్ నలిగి ఉండయింది. కుడికాలితో తెల్లటి రగ్గుని బలమంతా పెట్టి తొక్కి పట్టుకున్నారు. ఆమె కళ్ళతోనే, కానివ్వండి, వెళ్ళండి అంది. ఆయన తల అడ్డంగా ఊపి, కళ్ళతోనే తన కాలు చూపించారు. బ్రేకు మీద ఒట్టు. అంత నిజాయితీపరుణ్ణి కట్టుకున్నందుకు ఆమెకి మొదటిసారి ఒళ్ళు మండింది.

విజయశ్రీ గారు నాలుగో ప్రశ్నకి ఊపిరి పీల్చుకున్నారు.

"వదినా" అంది లీలావతి. గొంతు కీచుగా వచ్చింది. "మంచులో గోడ గురించి మీకెప్పుడైనా చెప్పామా?"

అందరూ చక్రపాణి గారి వైపు తిరిగారు. ఆయన నేను కాదన్నట్టు చేతులెత్తారు. అప్పుడు అందరూ లీలావతి వైపు తిరిగారు. ఆమె గద్వాల చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, హాలు మధ్యకి వచ్చి, కూతురి ముందు నిలబడి, మోకాళ్ళు వంచింది.

"మంచు పడుతోంది. వాళ్ళు దాటాల్సిన గీతకి జానెడు దూరంలో ఉన్నారు. మీరే వాళ్ళు వదినా, ఆ పాయసమే బంతి. నాలుగుసార్లు వచ్చారు. మా వాళ్ళు ఇలా నిలబడ్డారు. ఒక్కరు కాదు, వరసగా."

వరస లేదు. ఆమె ఒక్కతే ఉంది. ఒక క్షణం ఆమెకి తన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మనీషా వచ్చి ఆమె కుడిపక్కన మోకాళ్ళు వంచింది. పిలవకుండానే శశికాంత్ ప్లేటు కింద పెట్టి ఎడమపక్కకి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్న సంహిత చున్నీ నడుముకి కట్టుకుంటూ దిగి వచ్చి చివర నిలబడింది. వాళ్ళందరి వెనక నైనిక కనిపించడమే మానేసింది.

"రండి వదినా. దాటండి చూద్దాం."

ఇక్కడ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. విజయశ్రీ గారు గుంటూరులో కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడేవారు. అడ్డం నిలబడిన మనుషుల్ని చూడగానే ఆవిడ ముఖంలో ప్రశ్న పోయి ఇంకేదో వచ్చింది. పైట బిగించారు. "నాలుగు ఛాన్సులన్నావుగా" అని, పాయసం గిన్నెతో సహా వచ్చిపడ్డారు.

మొదటిసారి శశికాంత్ ఆపాడు. రెండోసారి మనీషా, సంహిత కలిసి ఆపారు. మూడోసారి ఎవరు ఆపారో చెప్పడం కష్టం. నాలుగోసారి లీలావతి కళ్ళు మూసుకుని విజయశ్రీ గారి నడుము పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా, హుందాగా, కూలే గోడలా కూర్చుండిపోయారు. పాయసం మాత్రం ముందుకు వెళ్ళింది. తెల్లటి రగ్గు మీద సేమ్యా, జీడిపప్పు, కిస్మిస్, ఒక్కో గింజా స్పష్టంగా కనిపించాయి.

హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా, గోడకి జారబడి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నది నైనిక. ఆ నవ్వు విని లీలావతికి ఎన్నాళ్ళయిందో.

"అమ్మా, నువ్వు నిల్చున్న స్టాన్స్ టోటల్‌గా రాంగ్" అంది నైనిక.

"ఇంతకీ ఆ మ్యాచ్ గెలిచారా?" అని ఆయాసపడుతూనే అడిగారు విజయశ్రీ గారు.

"అది ఆఫెన్స్ వాళ్ళ శాఖ" అంది లీలావతి.

నవ్వులు తగ్గాక నైనిక వచ్చి విజయశ్రీ గారికి చెయ్యి అందించి లేపింది. లేపుతూ, తనంతట తానే, "ఆంటీ, దేవ్ అండ్ ఐ... పెళ్ళి లేదు. వి ఆర్ ఓకే. నేను ఓకే" అంది. విజయశ్రీ గారు ఒక ప్రశ్న నోటిదాకా తెచ్చుకుని, ఎదురుగా ఇంకా చెదరని ఆ వరసని చూసి, మింగేశారు. "లోపల ఇంకో గిన్నె పాయసం ఉందమ్మా, తిందువుగాని రా" అని పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి తీసుకెళ్ళారు.

లీలావతి కారు దగ్గరికి వెళ్ళి డిక్కీలోంచి సంచి తెచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ స్ప్రే సీసా ఆమె సొంత పనికి పనికొచ్చింది. కొంగు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలుతో రగ్గు రుద్దుతూ తలెత్తి చూస్తే, చక్రపాణి గారు సోఫాలో అక్కడే ఉన్నారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు చెమర్చి, మ్యాచ్ చూస్తున్నట్టు ఆమెనే చూస్తున్నారు.

"నా పరువు నా చేతులతోనే తీసుకున్నాను" అంది ఆమె పళ్ళ బిగువున. "గంట నుంచి చూస్తూ కూర్చున్నారే, లేచొచ్చి ఒక చెయ్యి వెయ్యొచ్చు కదా?"

"డిఫెన్స్ గ్రౌండ్‌లో ఉండగా నేనెప్పుడైనా లేచానా, లీలా?" అన్నారు చక్రపాణి గారు.